యంత్రానికి వేళ్లు లేవు

పొద్దున్నే బాల్కనీలోని యాష్‌ట్రే ఖాళీ చేయడం ఆ ఇంట్లో ఆమె పని. ఎవరూ అప్పగించలేదు. పెళ్లైన కొత్తలో కంటికి అసహ్యంగా కనిపించి ఒకసారి తీసి పారబోసింది, అంతే, అది ఆమెకు అంటుకుపోయింది. ఇళ్లలో చాలా పనులు ఇలాగే అంటుకుంటాయి. ఒక్కసారి చేతులు పెడితే చాలు, ఇక మన పేరు మీద రాసిచ్చినట్టే. అయితే ఈ మధ్య ఆమె సిగరెట్ పీకల్ని వెంటనే చెత్తబుట్టలో గుమ్మరించడం లేదు. ఒక్కొక్కటే తీసి, నోట్లో పెట్టుకునే కొసను వెలుతురుకేసి తిప్పి, తీరిగ్గా చూసి మరీ పారేస్తోంది. నీళ్ల చెంబుతో అటు వచ్చిన అత్తగారు ఆగి చూసింది.

"ఏముందమ్మాయ్ అందులో, అంత భక్తిగా చూస్తున్నావు? అవతల పాలు పొంగిపోతున్నాయి."

ఏముందో చెప్పాలంటే చాలా ఉంది. పాలు పొంగేలోపు చెప్పగలిగినంత మాత్రం కాదు. ఆమె చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్లింది.

ఆమె ఉద్యోగం పొగాకు సరుకుల్ని పరీక్షించే ప్రభుత్వ ప్రయోగశాలలో. అక్కడో యంత్రం ఉంది. వరసగా సిగరెట్లు గుచ్చితే చాలు, గడియారం చూసుకున్నట్టు దమ్ము మీద దమ్ము లాగుతుంది. ఆ పొగను తెల్లటి వడపోత కాగితం మీద పట్టి, తారు ఎంత, నికోటిన్ ఎంత అని లెక్క తేలుస్తారు. పొద్దస్తమానం కదలకుండా కూర్చుని పొగ పీలుస్తుంది, పైగా ఇంకో పని చేతకాదు కాబట్టి ప్రయోగశాలలో ఆడవాళ్లంతా దానికి మావగారు అని పేరు పెట్టారు. మావగారికి ఇవాళ ఒంట్లో బాగోలేదంటే రిపేరుకు మనిషిని పిలవాలని అర్థం. మావగారు తాగి వదిలేసిన వాసన ఆమె జుట్టులోకీ బట్టల్లోకీ దూరి ఇంటిదాకా వస్తుంది. అందుకని సాయంత్రం గుమ్మం దాటగానే ఆమె నేరుగా స్నానాలగదిలోకి నడవాలి. తలంటుకున్నాకే వంటింట్లో అడుగు. ఆడదాని ఒంటి మీద పొగ కంపేమిటి, వింటే నలుగురూ ఏమనుకుంటారని అత్తగారు మొదటి నెలలోనే పెట్టిన నియమం అది. ఆమె తడి జుట్టుతో వచ్చి వడ్డిస్తుంటే, భర్త సోఫాలో కాళ్లు చాపుకుని సిగరెట్ ముట్టించేవాడు. ఆ పొగకు కంపు లేదు కాబోలు. కొడుకు నోట్లోంచి వచ్చేసరికి అది ఆఫీసులో అలసట తీర్చుకోవడం అయిపోయేది.

భర్త తాగే రకానికి ఒక కథ ఉంది. కొన్నేళ్ల కిందట ఒక తేలికపాటి సిగరెట్ పరీక్షకు వచ్చింది. మావగారు పీల్చి చూస్తే తారు చాలా తక్కువ తేలింది. ఆమె సంతకం పెట్టింది, ఆ అంకె పేపర్లో పడింది. మర్నాటి నుంచి భర్త ఆ రకానికి మారాడు. ఇంటికి చుట్టాలొస్తే పెట్టె తీసి చూపించి, ఇది మా ఆవిడ సంతకం పెట్టిన సిగరెట్టండీ, మందుల షాపులో అమ్మాల్సింది, అని నవ్వించేవాడు. అందరితోపాటు ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే మొహం ముడుచుకుందంటారు.

కూతురికి చిన్నప్పుడు ఆయాసం వచ్చేది. పిల్ల పక్కటెముకలు లోపలికి లాక్కుపోతుంటే ఆమె ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని వీపు నిమురుతూ ఉండేది. ఇంట్లో పొగ ఉండకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అతను నాలుగు రోజులు బాల్కనీలోకి వెళ్లాడు. వాన పట్టగానే మళ్లీ సోఫాలోకొచ్చాడు, యాష్‌ట్రేను మాత్రం పడుకోబోతూ బాల్కనీలో పెట్టేవాడు. పొగ మానమని ఆమె బతిమాలింది, అలిగింది, ఒకసారి ఏడ్చింది కూడా. "నా వల్ల కాదే. నువ్వు సైంటిస్టువి కదా, ఇది వదిలేది కాదని నీకు తెలీదా?" అన్నాడతను. నిజమే, తెలుసు. నికోటిన్ మనిషిని ఎలా పట్టుకుంటుందో ఆమె పుస్తకాల్లో చదివింది, పాఠాలుగా చెప్పింది. ఆ చదువుతోనే అతని తరఫున తనకు తానే నచ్చజెప్పుకుంది. పిల్లను ఎత్తుకుని పక్క గదిలోకి వెళ్లి తలుపేసుకునేది.

ఆ యాష్‌ట్రేలోనే ఒక పొద్దున ఆమెకు ఆ తేడా కనిపించింది. ప్రయోగశాలలో మావగారు తాగి వదిలిన పీక కొసన మరక మధ్యలో మాత్రమే ఉంటుంది, చుట్టూ తెలుపు. ఇంట్లో భర్త తాగిన పీక మాత్రం అంచులదాకా గోధుమరంగు. సిగరెట్ అదే, పెట్టె అదే. పీక చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తేలికపాటి సిగరెట్ల ఫిల్టర్ చుట్టూ సూది మొనంత రంధ్రాలుంటాయి. వాటిలోంచి గాలి అంచుల వెంట చొరబడి పొగను మధ్యకు నెట్టి పలచన చేస్తుంది. యంత్రం పట్టుకున్నప్పుడు ఆ రంధ్రాలు తెరుచుకునే ఉంటాయి. మనిషి పట్టుకుంటే వేళ్ల కిందో పెదాల కిందో మూసుకుపోతాయి. అంటే పేపర్లో పడిన ఆ చిన్న అంకె యంత్రం తాగిన పొగది. మనిషి లోపలికి వెళ్లే పొగ సంగతి వేరు. ఆ అంకె కింద ఉన్న సంతకం తనది. ఆ రోజు ఆమె చేతిలోంచి గ్లాసు జారి పడింది. చూసుకుని పనిచేయాలమ్మాయ్ అంది అత్తగారు.

ఇళ్లలోంచి పీకలు సేకరించి, మరకల్ని బట్టి మనుషులు నిజంగా ఎలా తాగుతున్నారో కనిపెట్టాలని ఆమె పెద్దసారుకు చెప్పింది. ప్రయోగశాలకు ఆయనే అధిపతి. చెత్త ఏరుకోవడం కూడా పరిశోధనేనా అని ఆయన నవ్వి పంపేశాడు. అప్పుడే ప్రభుత్వం ఒక పథకం ప్రకటించింది. పొగాకు సరుకుల మీద నియంత్రణ పెట్టాలంటే ముందు వాటిని సరిగ్గా పరిశోధించగలిగే మనుషులూ పరికరాలూ కావాలి, అందుకు నిధులిస్తాం, ఆలోచనలు పంపండి అని. పెద్దసారుకు చెత్త మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. రాయమ్మా, నువ్వైతే పద్ధతిగా రాస్తావు అన్నాడు. ఆమె రాసింది. భోజనాల బల్ల మీద, కూతురి లెక్కల పుస్తకాల పక్కన, కూర మాడుతోందేమోనని మధ్యమధ్య లేచి చూసుకుంటూ రాసింది. ఏం రాస్తున్నావని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుందని మాత్రం అడిగారు.

పాలు పొంగబోయిన ఆ రోజునే పెద్దసారు ఆమెను గదిలోకి పిలిచాడు. నిధులు మంజూరయ్యాయి. కొత్త యంత్రాలొస్తాయి, కొత్త మనుషులొస్తారు. ఒక్కటే షరతు, పరిశోధనకు నాయకత్వం వహించే మనిషి ముందు వేరే ఊళ్లోని పెద్ద ప్రయోగశాలలో ఆరు నెలలు శిక్షణ తీసుకోవాలి. ఎప్పుడు బయల్దేరాలి సార్ అని ఆమెకు నోటిదాకా వచ్చింది. పెద్దసారు ఆ అవకాశం ఇవ్వలేదు. మన జూనియర్ కుర్రాణ్ణి పంపిద్దామనుకుంటున్నాను, అతనికింకా పెళ్లి కూడా కాలేదు, నువ్వు ఇక్కడే ఉండి అతనికి అన్నీ అందిద్దువుగాని అన్నాడు.

"రాసింది నేను కదా సార్. నన్ను అడగనైనా లేదు."

"అడిగానమ్మా. మొన్న వాకింగ్‌లో మీవారు కలిశారు. కుదరదండీ, ఇల్లు ఆగిపోతుంది అన్నారు. నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకున్నాను."

వెళ్లేదీ లేనిదీ తనే రేపు చెప్తానని మాత్రం అనగలిగింది. బయటికొచ్చి మావగారి ముందు కూర్చుంది. సిగరెట్ల చివర్లు వరసగా ఎర్రబడుతున్నాయి, ఆరుతున్నాయి. ఇద్దరు మగవాళ్లు నడుచుకుంటూ, చెమట తుడుచుకుంటూ, దారిలో తన ఆరు నెలల్ని తేల్చేశారు. ఎక్కడ మలుపు తిరుగుతూ తేల్చారో, ఆ తర్వాత ఏ కబుర్లలో పడ్డారో. ఆమెకు కోపం కంటే ముందు సిగ్గేసింది. తన సంగతి తనకంటే ముందు ఊరికి తెలిసినందుకు సిగ్గు. కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. లేచింది, కిటికీ దాకా వెళ్లింది, మళ్లీ వచ్చింది. వడపోత కాగితాలు ఒకసారి తూచినవే మళ్లీ తూచింది.

సాయంత్రం స్నానం చేయకుండానే హాల్లోకి వెళ్లి నిలబడి, కుదరదని పెద్దసారుకు మీరెలా చెప్పారని భర్తను అడిగింది. అత్తగారు ముక్కు మీద కొంగు పెట్టుకుంది. భర్త మొదట తేలిగ్గా తీసుకున్నాడు. ఆ మాట అన్నది నీ మంచికేనన్నాడు. ఆరు నెలలంటే మాటలా, పిల్ల పరీక్షలు, అమ్మ బీపీ మాత్రలు, ఇల్లు ఎవరు చూస్తారన్నాడు. మీరు చూడండి అంది ఆమె. అతను హాస్యం విన్నట్టు వాళ్లమ్మ వైపు చూశాడు. భార్య మొహంలో హాస్యం కనబడకపోయేసరికి చాపుకున్న కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. చేతిలోని సిగరెట్‌ను సగంలోనే నలిపేశాడు.

"సరే, ఒక మాట చెప్తాను విను. నువ్వు వెళ్లకు. నేను సిగరెట్ మానేస్తాను. రేపటి నుంచే."

ఇన్నేళ్లుగా ఆమె అడిగింది అదొక్కటే. పుట్టినరోజుకు ఏం కావాలంటే అదే అడిగేది, పెళ్లిరోజుకూ అదే. అత్తగారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇంతకంటే ఏం కావాలమ్మాయ్? నీకోసం అంతటివాడు మానేస్తానంటున్నాడు." కూతురు పుస్తకంలోంచి తలెత్తి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఆమె తలంటుకుంది, వడ్డించింది, గిన్నెలు తోమింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గానీ మనసు ఒక చోట నిలవడం లేదు. వద్దంటే తన మొగుడి ప్రాణం కంటే ఉద్యోగం ఎక్కువైన మనిషవుతుంది. సరేనంటే అంతా మెచ్చుకుంటారు. రేపు జూనియర్ ఆ కొత్త యంత్రాల ముందు నిలబడి మరకల గురించి మాట్లాడితే, తను అతనికి పీకలు అందిస్తుంది. అదీ అలవాటైన పనే. పైగా భర్త నిజంగా మానేస్తే? ఆ ఊపిరితిత్తుల్లోకి వెళ్తున్నది ఎంతో ఈ లోకంలో తనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అతను బతకాలని ఆమెకు ఉంది. ఎంత కోపంలోనైనా ఉంది. అదే ఆమెను ఎటూ కదలనివ్వలేదు.

పొద్దున లేచి అలవాటుగా బాల్కనీలోకి వెళ్లింది. యాష్‌ట్రే అక్కడ లేదు. వెతుక్కుంటూ లోపలికొస్తే భోజనాల బల్ల మధ్యలో కనిపించింది. తళతళలాడుతోంది. అతనే తోమాడు. మూలల్లో ఏళ్ల తరబడి పేరుకున్న మసి కూడా వదిలేదాకా తోమాడు. పక్కన కుర్చీలో కూర్చుని, బహుమతి విప్పే మనిషి మొహం చూసినట్టు ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఆ చూపుకు ఆమె మనసు కరగబోయింది, అది నిజం. దగ్గరికెళ్లి ఆ యాష్‌ట్రేను చేతిలోకి తీసుకుంది.

ఒక్క పూట మానడం మానడం కాదని ఆమెకు తెలుసు. అతను గెలుస్తాడో ఓడిపోతాడో ఎవరూ చెప్పలేరు, నికోటిన్ అలాంటిది. కానీ ప్రయత్నించడం అతనికి చేతనవును. పొద్దున్నే లేవడం, సింక్ దగ్గర నిలబడటం, తోమడం అన్నీ చేతనవును. ఎగశ్వాసతో పిల్ల నీలిరంగుకు తిరిగిన రోజుల్లో ఈ పూటలాంటి పూట ఒక్కటి కూడా రాలేదు. భార్య గుమ్మం దాటుతుందనగానే వచ్చింది.

కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. అత్తగారు చెంబు పట్టుకుని ఆగిపోయింది. ఆమె యాష్‌ట్రేను అతని ముందే, మెల్లగా, బల్ల మీద పెట్టింది. గొంతులో కోపం లేదు. ఉందేమోనని తనే ఒకసారి వెతుక్కుంది కూడా.

"చాలా శుభ్రంగా తోమారు. మానేయండి, మీకోసం మానేయండి, నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. నేను ఇవాళ పెద్దసారుకు వెళ్తానని చెప్తున్నాను. నేను తిరిగొచ్చేలోపు ఇది మళ్లీ నిండిందనుకోండి, పారబోయకుండా దాచండి. మొదటి శాంపిల్ మన ఇంటిదే తీసుకుంటాను."