వీపుకి తెలిసిన తలుపు

ముసలితనంలో యిన్‌షాన్‌కి మెత్తటి పరుపు మీద నిద్ర పట్టేది కాదు. అటూ ఇటూ దొర్లుతుంటే భార్య విసుక్కునేది. "నీకు పరుపెందుకు? వీధి తలుపు ఊడదీసి పరుస్తాను, దాని మీద పడుకో," అనేది. ఆమె ఎగతాళికే అన్నా ఆ మాట అతనికి ఇష్టం. అది వినగానే షాన్‌డాంగ్‌లో లువాన్ పెద్దమ్మ ఇల్లూ, ఆ చలికాలమూ కళ్ల ముందుకొచ్చేవి.

చైనాలో అంతర్యుద్ధం జోరుగా సాగుతున్న రోజులవి. కాలికి గుండు తగలడంతో యిన్‌షాన్‌ని వెనక్కి పంపి, ధాన్యం చేరవేసే దళంలో వేశారు. పగలంతా జొన్న విసరడం, బస్తాలు కుట్టడం, ఒంటిచక్రం బళ్లకు ఎత్తడం. తుపాకుల మోత ఎక్కడో కొండల అవతల, పక్కింట్లో బట్టలు ఉతుకుతున్నట్టు వినిపించేది. రాత్రయితే ఊళ్లోవాళ్ల ఇళ్లలో పడక. వాళ్ల మంచాలు అడగకూడదు. వీధి తలుపుని అది తిరిగే గూటిలోంచి పైకెత్తి, రెండు బల్లల మీద పరిచి, పైన గడ్డి వేసుకుని పడుకోవాలి. గుమ్మానికి చాప వేలాడదీయాలి. ఊరు విడిచేటప్పుడు ఎవరి తలుపు వాళ్లకు బిగించి, గడ్డి కట్ట కట్టి, కుండ నిండా నీళ్లు పోసి వెళ్లాలి.

లువాన్ పెద్దమ్మ తలుపు మీద పడుకుంటే వీపున ఎడమ రెక్క ఎముక కింద ఒక చెక్కముడి ఒత్తుకునేది. నడుము దగ్గర చిన్న పల్లం. మెడ దగ్గర వేలు పట్టేంత చిల్లు, అందులోంచి చలిగాలి. యిన్‌షాన్ ఆ చిల్లులో గుడ్డపీలిక కుక్కేవాడు. మర్నాటికి అది ఉండేది కాదు.

"పెద్దమ్మా, మీ ఇంట్లో ఎలకకి గుడ్డలంటే మహా ఇష్టంలా ఉంది," అన్నాడొకసారి.

"ఎలక కాదు నాయనా, నేనే," అందామె గంజి కలుపుతూ.

"నా మెడ బిగుసుకుపోతోంది."

"తల ఇటు పెట్టుకో. కాళ్లకి చెప్పులుంటాయి, మెడకి ఉండవుగా."

ఆ తర్వాత గరిటె పక్కన పెట్టి తనే చెప్పింది. ఆ చిల్లు ఆమె కొడుకు ఫులై తొలిచాడు. చిన్నప్పుడు తోలుబొమ్మలాట చూసి ఆలస్యంగా వస్తే తల్లి తిట్టేది. అందుకని చిల్లులో వేలు పెట్టి, లోపలి గడియ కొంచెం కొంచెంగా జరిపి, చప్పుడు లేకుండా వచ్చి పడుకునేవాడు. పోయినేడాది ముల్లంగి అమ్మడానికి సంతకు వెళ్తే అవతలి సైన్యం బలవంతంగా తమలో చేర్చుకుని పట్టుకుపోయింది.

"నువ్వున్నన్నాళ్లూ గుమ్మంలోనే పడుకుంటున్నావు, వాడొస్తే నిన్ను తొక్కుతాడు, లేస్తావు. నువ్వెళ్లాక చిల్లు మూసి ఉంటే? నాకు చెవులు సరిగ్గా వినబడవు. పారిపోయి వచ్చినవాడు వీధిలో నిలబడి తలుపు బాదుతాడా?"

ఆ ఫులై చేతిలో ఉన్న తుపాకీ తమవైపే గురిపెట్టి ఉంటుంది. అయినా యిన్‌షాన్ ఆ రాత్రి నుంచి చిల్లు మూయకుండా, తల రెండో కొసకి పెట్టుకుని పడుకున్నాడు. గాలి పాదాలకు తగిలేది.

చలికాలం చివర్లో వాగు మీద మంచు పగిలింది. బళ్లు దాటడానికి ఊళ్లోని తలుపులన్నీ తీసుకెళ్లి వాగు మీద పరిచారు. పని అయ్యాక వేరే దళంవాళ్లు వాటిని మోసుకొచ్చి, ఏ ఇంటికి ఏది దగ్గరగా ఉంటే అది తగిలించేశారు. అన్నిటికీ ఒకటే బురద. మర్నాడు పొద్దున్నే దళానికి బయల్దేరమని కబురొచ్చింది.

లువాన్ పెద్దమ్మ గుమ్మంలో ఉన్న తలుపు ఆమెది కాదు. జానెడు పొట్టి, చిల్లు లేదు.

"పోనీలే నాయనా, యుద్ధంలో తలుపుదేముంది," అందామె. అంటూనే గడియ దగ్గర చెక్కని తడుముతోంది.

దళనాయకుడు మెంగ్ బస్తాల మీంచి అరిచాడు. "ఏరా యిన్‌షాన్, ఎక్కడికి?"

"తలుపు వెతకాలన్నా."

"మధ్యాహ్నం కల్లా కదలాలి. ఈ బురదలో నీ తలుపు నువ్వెలా పోలుస్తావు?"

"కళ్లతో కాదులే."

వీధిలో ఒక్కో ఇంటి ముందూ ఆగి, బతిమాలి తలుపు దింపించి, నేల మీద పరిచి దాని మీద వెల్లకిలా పడుకున్నాడు. పిల్లలు వెంటపడ్డారు. ఒక ముసలాయన, "కాలికి కదూ గుండు తగిలింది, తలకి కూడానా?" అన్నాడు. నవ్వుతూనే తలుపుకి ఓ చెయ్యి వేశాడు. ఎక్కడా ముడి తగల్లేదు. ఎండ నడినెత్తికి వస్తోంది.

ఊరి చివర గెంగ్‌వాళ్ల పందుల దొడ్డికి అడ్డంగా ఒక తలుపు కట్టి ఉంది. గెంగ్ ఇంటి కోడలు నడుము మీద చేతులు పెట్టుకుంది.

"పట్టపగలు మా పందుల తలుపు మీద పడుకుంటావా? వాటికైనా సిగ్గుంటుంది."

"ఒక్క నిమిషం వదినా. కావాలంటే వాటినీ పక్కకు రమ్మను."

పడుకున్నాడు. ఎడమ రెక్క ఎముక కింద ముడి ఒత్తుకుంది. నడుము పల్లంలోకి దిగింది. యిన్‌షాన్ కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. ఇంటి నుంచి వచ్చాక అంత సుఖంగా ఎక్కడా పడుకోలేదనిపించింది. చిల్లులో బురద గట్టిపడి ఉంది. పుల్లతో పొడిచి తీశాడు.

తలుపు వీపున వేసుకుని కుంటుకుంటూ వచ్చి, పొట్టి తలుపు తీసేసి దాన్ని గూటిలో కూర్చోబెట్టాడు. పెద్దమ్మ చెమ్మగుడ్డతో తుడిచింది. వీధి చివర్లో బళ్లు కదులుతున్న చప్పుడు.

"నువ్వు బయట నిలబడు," అంది. లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. "ఇప్పుడు తియ్యి."

యిన్‌షాన్ చిల్లులో వేలు పెట్టాడు. గడియ చల్లగా తగిలింది. తొందరపడకుండా కొంచెం కొంచెంగా జరిపాడు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. పెద్దమ్మ ఎదురుగా చీకట్లో నిలబడి ఉంది. అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఆలస్యమైందేం?" అంది.

అతను తల వంచుకున్నాడు. "ఇంకెప్పుడూ చెయ్యనమ్మా," అన్నాడు.

ఆమె నవ్వి, చంకలోంచి కొత్త గుడ్డచెప్పుల జత తీసి చేతిలో పెట్టింది. "నీ మెడ దగ్గర దొంగిలించిన పీలికలన్నీ వీటి అడుగు అట్టల్లోనే ఉన్నాయి. ఇక పరిగెత్తు."

మలుపు దగ్గర వెనక్కి చూస్తే తలుపు వేసేసి ఉంది.

ఫులై ఇంటికొచ్చాడో లేదో అతనికి ఎన్నడూ తెలియలేదు. ముసలితనంలో పరుపు మీద దొర్లి దొర్లి, చివరికి కిందకి దిగి చెక్కపలకల నేల మీద పడుకునేవాడు. నిద్ర పట్టేముందు ఎడమ రెక్క కింద చెయ్యి పెట్టి, లేని ముడి కోసం వెతుక్కునేవాడు.