ఆఫీసు వాళ్ల బిస్కెట్లు

ఉద్యోగం నుంచి రిటైరై మూడు నెలలైంది. అయినా ఊరెళ్లి తిరిగొస్తూ, చితోసే విమానాశ్రయంలో దుకాణం కనపడగానే నా చెయ్యి దానంతటదే పెద్ద వెన్న బిస్కెట్ల పెట్టె మీదికి పోయింది. ఊరెళ్లొస్తే ఆఫీసులో తలా ఒకటి పంచాలిగా మరి! డబ్బులిచ్చాక గుర్తొచ్చింది, ఇప్పుడు నాకు ఆఫీసే లేదని. తోక్యోలో ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. వెనక్కిద్దామంటే సిగ్గేసింది.

విమానమెక్కాక చూస్తే పెట్టె కాళ్ల దగ్గర పట్టలేదు. సీటు పై అరలో పడుకోబెట్టాను. నిలబెడితే బిస్కెట్లు విరుగుతాయి. విరిగింది ఎవరికీ ఇవ్వం, తెచ్చినవాళ్లమే తింటాం.

ఇక మొదలైంది జనం గోల. దిగాక సామాను కోసం నిలబడే ఓపిక ఒక్కరికీ లేదు, ఇల్లంతా చక్రాల మీద ఈడ్చుకొస్తారు! ఒకాయన తన కోటు తెచ్చి నా పెట్టె మీద పడేశాడు. తీసి, మడిచి, పక్కన పెట్టాను. ఆయన మర్యాదకి తల వంచాడు, నేనూ వంచాను. లోపల ఇద్దరికీ ఒళ్లు మండుతూనే ఉంది.

అందరికన్నా చివర నా పక్క సీటతను వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, తాడిచెట్టంత మనిషి.

"ఈ పెట్టె మీదేనా అండీ? కాస్త నిలబెట్టనా, నా సంచీ పడుతుంది."

"వీల్లేదు!" అన్నాను. సగం విమానం తిరిగి చూసింది. "ఆఫీసు వాళ్లకి తీసుకెళ్తున్నా. విరిగితే ఏ మొహం పెట్టుకుని ఇవ్వను?"

"అయ్యో, ఆఫీసుకా! క్షమించండి, తెలియలేదు."

సంచీని కాళ్ల కింద కుక్కుకున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. నాకు ప్రాణం చివుక్కుమంది.

"మీవాళ్లు అదృష్టవంతులండీ," అన్నాడు బెల్టు పెట్టుకుంటూ. "నేను కొనడం మర్చేపోయా. రేపు మా ఆఫీసువాళ్లు నన్ను నమిలేస్తారు."

"అయితే ఇది తీసుకెళ్లు బాబూ."

"బాగుంది! మరి మీవాళ్లు ఎదురుచూడరూ?"

ఎవరూ ఎదురుచూడరు బాబూ అనాలి. కానీ ఆ ఒక్క మాట అంటే, అతను కాళ్లు ముడుచుకున్నది ఉత్త అబద్ధం కోసమని తేలిపోతుంది. "చూస్తారు," అన్నాను.

దిగేటప్పుడు పెట్టెను రెండు చేతులతో, పసిపిల్లను దించినట్టు దించి ఇచ్చాడు. "మీవాళ్లందరికీ నా క్షమాపణలు చెప్పండి," అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి దీపం వేసి, పెట్టె విప్పి, బిస్కెట్లన్నీ బల్ల మీద పరిచాను. ఇది ఆఫీసులో కురోసే గారికి. ఇది మూలన కూర్చునే మినెగిషికి, వద్దు వద్దంటూనే రెండోది అడుగుతుంది. ఒక్కొక్కదాన్నీ పైన చుట్టిన కాగితం మీంచి తడిమి చూశాను. అన్నీ గట్టిగా, నిండుగా ఉన్నాయి. ఏడుపొచ్చింది నాకు. ఒక్కటన్నా విరిగుంటే, అది నాదయ్యేది.