కుడి పక్క పోటు

“ఇయ్యాల తెల్లారకుండానే పొడిసిందే తనూజా. ఏటో అవుతాది. లైనెక్కకు తల్లీ.”

అప్పయమ్మ కుడిచేతి బొటనవేలిని పక్కటెముకల కింద నొక్కిపట్టి, ఎడమచేత్తో టిఫిన్ డబ్బా మూత వేసింది. తనూజ గడప మీద కూర్చుని బూట్ల తాళ్లు ముడేసుకుంటోంది. డబ్బా అందుకుని, రైల్వే డ్యూటీకి వేసుకునే నారింజ రంగు కోటు భుజాన పడేసుకుని వెళ్లిపోయింది. విశ్వకర్మ పూజనాటి నుంచీ ఆ ఇంట్లో మాట్లాడే మనిషి ఒక్కతే.

వేలి ఒత్తుకు అప్పయమ్మ జాకెట్లన్నీ ఆ ఒక్కచోటే వెలిసిపోయి ఉంటాయి. ఆ పోటు మొదటిసారి వచ్చింది భర్త సన్యాసిరావు పోయిన పొద్దున. వంకాయలు కోస్తుంటే ఎవరో లోపల దబ్బనం గుచ్చి మెలితిప్పినట్టయింది. కూర దించకముందే రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగుకు మేటు సింహాచలం టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఒక పట్టా మీద పని చేస్తూ, పక్క పట్టా మీద వచ్చే బండిని సన్యాసిరావు చూసుకోలేదట.

అప్పటి నుంచి ఆమెకు ఆ పోటు రోగం కాదు, కబురు. పిత్తసంచిలో రాయి ఉందనీ, ఆపరేషన్ చేసి తీసేయాలనీ ఆస్పత్రిలో చెప్పినా ఆమె ఒప్పుకోలేదు.

“తీసెత్తే రేపు నాకు ముందుగా సెప్పీదెవులు?” అంది.

“రాయి నీకు వాట్సాప్ చేత్తాదేటమ్మా?” అని తనూజ పడీపడీ నవ్వింది. నవ్వే రోజులవి.

తండ్రి ఉద్యోగం తనూజకిచ్చారు. అదే గ్యాంగు, అదే మేటు. పోటు వచ్చినప్పుడల్లా అప్పయమ్మ సింహాచలానికి ఫోన్ చేసేది: “మరిదీ, ఇయ్యాల పిల్లని పట్టా మీదకి పంపకు.” సన్యాసిరావు పోయిన రోజు ఆ పని చేయించింది తనే కాబట్టి సింహాచలం నోట కాదన్న మాట వచ్చేది కాదు. తనూజకు టీ కాసే పని చెప్పేవాడు. పోటు రాని రోజున, వస్తుందేమోనన్న భయంతో కూడా ఫోన్ వెళ్లేది. చివరికి టీ పనే తనూజ పనైపోయింది.

విశ్వకర్మ పూజకి గ్యాంగువాళ్లు ఎవరి పనిముట్టు వాళ్లు కడిగి, వరసగా పేర్చి, బొట్టు పెడతారు. గడ్డపారలు, సుత్తులు, పారలు. తనూజ వంతు వచ్చేసరికి ఎవరో టీ కెటిల్ తెచ్చి పెట్టి, దానికి కుంకుమ దిద్ది బంతిపూల దండ వేశారు. “చాయ్‌వాలీ దీదీ కా హథియార్” అని, టీ అక్క ఆయుధం ఇదేనంటూ అంతా నవ్వారు. ఎందుకిలా అని ఆమె నిలదీస్తే, సింహాచలం నేల చూస్తూ ఫోన్ల సంగతి చెప్పేశాడు. ఆ సాయంత్రం తనూజ కెటిల్ ఇంటికి తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. అమ్మని ఒక్క మాటైనా అడగలేదు. తిట్టినా బాగుండేదని అప్పయమ్మ అనుకోని రోజు లేదు.

లింగియాడీహ్ బస్తీలోని ఇంటి నుంచి ఆటోలో అర్పా నది వంతెన దాటుతున్నంతసేపూ, వంతెన ఇప్పుడే కూలుతుందన్నట్టు ఆమె చువ్వ పట్టుకునే కూర్చుంది. దూరం నుంచి రైళ్లు తెచ్చిన డ్రైవర్లు తిని పడుకునే రన్నింగ్ రూమ్‌లో ఆమె వంటపని. పిండి తడిపింది, పప్పు ఎసట్లో పోసింది. పెనం వాతలతో మచ్చలుపడ్డ ముంజేతులు వాటంతటవే కదులుతున్నాయి. పొద్దుటి పోటు సలుపుగా మారి, సన్నగిల్లి, ఆగిపోయింది. అయినా చపాతీ చపాతీకీ వేలు అక్కడికే పోతోంది.

“కూతురి బండికి నువ్వే సిగ్నలేటి అప్పా?” అంది తోటి వంటమనిషి ఉషారాణి. “కూసింత ఆకుపచ్చ కూడా చూపించు.”

అప్పయమ్మ చేతులు తుడుచుకుని సింహాచలానికి ఫోన్ చేసింది.

“ఒదినా, ఇంక నాను నీకు మాటివ్వలేను. పిల్ల నా గ్యాంగులో లేదు. పెండ్రా రోడ్డు టేసనుకి బదిలీ అడిగి ఏయించుకుంది. పొద్దున్నే కాయితం పట్టుకెల్లింది. సాయంత్రం బండికెల్తాదట. నీకు సెప్పలేదేటి?”

“సెప్పింది,” అంది అప్పయమ్మ.

వేలు అలవాటుగా పక్కలోకి వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. రాయి చడీచప్పుడు లేకుండా పడి ఉంది. అయినా ఏదో గుచ్చుకుంది. ఎక్కడని వేలు పెట్టి చూసుకోవాలో ఆమెకు తెలియలేదు. పెనం మీద చపాతీ మాడింది.

ఇంటికి వచ్చేసరికి తనూజ సంచి జిప్పు లాగుతోంది. పెండ్రా రోడ్డు. కొండలు, మలుపులు, మలుపు తిరిగేదాకా కనపడని బండ్లు. ఎలుగుబంట్లు కూడా తిరుగుతాయట. అవన్నీ అప్పయమ్మ నాలుక చివరిదాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడే నిజమైన పోటు వచ్చింది. పక్కలోంచి వీపులోకి, వీపులోంచి భుజంలోకి పాకింది. నుదుట చెమట పట్టింది.

ఒక్క మూలుగు చాలు. సంచి కింద పెట్టేస్తుంది, ఆటో పిలుస్తుంది, బండి పోతుంది. ఇవాళ పోతే రేపు, రేపు పోతే ఎల్లుండి. ఇన్నాళ్లూ పిల్లని కట్టేసింది ఈ తాడుతోనే.

ఆమె పక్క మీదికి పోబోతున్న చేతిని తలుపు చెక్కకు ఆనించి పట్టుకుంది. పళ్ల మధ్య నుంచి ఊపిరి వదిలింది.

“అక్కడ నీ సేతికి ఏ పనిముట్టిస్తారే?” అంది.

తనూజ సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దాటింది. చెప్పులు వదిలే అరుగు మీద ఆగి వెనక్కి తిరిగింది. తల్లి ముఖాన్ని, తలుపు చెక్క మీద తెల్లబారిన వేళ్లను చూసింది. వీధిలో ఆటో హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది.

“సుత్తి, అమ్మా,” అంది తనూజ.

ఆటో మలుపు తిరిగాక అప్పయమ్మ మెల్లగా గోడకు జారగిలబడి కూర్చుంది. పొయ్యి పక్కన కెటిల్ అలాగే ఉంది, దండ వాడి ఎప్పుడో రాలిపోయింది, కుంకుమబొట్టు మాత్రం ఎవరూ తుడవలేదు.