స్తంభం మీద కాగితం

మా ఇంట్లో ఇద్దరు ఇంజనీర్లున్నారు. ఒకరు మా అమ్మ నారాయణమ్మ, రెండోవారు నా భార్య దుర్గాభవాని. ఇద్దరూ ఆ చదువు చదివినవాళ్లు కారు. అయినా మా పెంకుటిల్లు ఎన్నాళ్లు నిలబడుతుందనే విషయంలో ఇద్దరికీ తిరుగులేని అభిప్రాయాలున్నాయి. ఎన్నాళ్లయినా నిలబడుతుందని అమ్మ, రేపే కూలుతుందని భవాని. వాళ్లిద్దరి మధ్యా కూర్చుని నోరు మూసుకుని భోంచేసేవాణ్ణి నేను.

గొడవంతా హాలు మధ్యలో ఉన్న ఇటుకల స్తంభం గురించి. దాని మీద పెద్ద దూలం, ఆ దూలం మీద ఇంటి కప్పంతా ఆని ఉన్నాయి. మొన్న వానలకి స్తంభం పైభాగంలో, సరిగ్గా దూలం కింద, జానెడు పగులు కనబడింది.

"ఇల్లు దింపేసి స్లాబేసుకుందాం" అంది భవాని, ఆ పగులు పుట్టింటివాళ్లు పంపిన సారె అన్నంత సంబరంగా.

"తిత్లీ తుపానుకే కదల్లేదు. ఈ గోటిగీతకి ఇల్లు కూల్సేత్తారేటి?" అంది అమ్మ.

నిజానికి ఇద్దరి బాధా నాకు తెలుసు. చినుకు పడితే గిన్నెలూ బకెట్లూ పట్టుకుని ఇల్లంతా తిరిగేది భవాని. ఈ గోడలు మట్టివిగా ఉన్నప్పటినుంచీ చేత్తో అలికి నిలబెట్టుకున్నది అమ్మ. తెలిసి నేను చేసిందేమీ లేదు.

చివరికి పోరు పడలేక నా బావమరిది ధర్మేంద్రకి ఫోన్ చేశాను. విజయనగరంలో ఇళ్ల కాంట్రాక్టులు చేస్తాడు. ఆమదాలవలసలో రైలు దిగి, ఆటోలో వచ్చాడు. సుత్తితో స్తంభాన్ని తట్టి చూశాడు. నిచ్చెనెక్కి దూలం కొసల్ని స్క్రూడ్రైవరుతో పొడిచాడు. తన డొక్కలోనే పొడుస్తున్నట్టు అమ్మ ప్రతి పోటుకీ మొహం చిట్లించింది.

"దూలం బాగానే ఉన్నాది అత్తా. ఈ పగులు సంగతే తేల్చాలి. బతికున్నదో సచ్చిందో" అన్నాడు.

"పగులుకి పాణమేటిరా?"

"కదలకండా ఉంటే సచ్చినట్టు. పెరుగుతంటే బతికున్నట్టు."

పగులుకి అడ్డంగా పల్చటి కాగితం పట్టీ అతికించి, కిందికి దిగి చేతులు దులుపుకున్నాడు.

"పది రోజుల్లో మళ్లీ వస్తాను. కాగితం సిరక్కపోతే సిమెంటు పూసుకుని హాయిగా ఉండండి. సిరిగిందా, ఇల్లు దింపాల్సిందే. అప్పుడు మట్టుకు ఎవలూ దీని కింద కూకోకండి. ఎంటనే దూలం కింద సరుగుడు కర్రలు నిలబెట్టి నాకు ఫోన్ సెయ్యండి."

అతని ఆటో వీధి మలుపు తిరగకముందే ఇద్దరి కళ్లూ ఆ కాగితం మీద పడ్డాయి.

రెండు రోజుల్లో కాగితం చిరిగింది. భవాని స్టూలెక్కి తలపిన్నుతో చింపడం నేను చూశాను. నేను పొలం వెళ్లొచ్చేసరికి మళ్లీ నిండు కాగితం ఉంది. దానికి అమ్మ పామిన అన్నం మెతుకులు ఇంకా తడిగానే ఉన్నాయి. మర్నాడు మళ్లీ చిరిగింది, మళ్లీ అతుక్కుంది. ఒకరి పని ఒకరికి తెలుసు. నిలదీస్తే తన పనీ బయటపడుతుందని ఇద్దరూ నోరెత్తలేదు. నేనెందుకు ఎత్తుతాను? పైగా నాకు బోలెడు ధైర్యం వచ్చింది. చింపుతున్నది పిన్నుగాని పగులు కాదు కదా! ఇంట్లో బాగా తిరిగే ఫ్యాను ఆ దూలానికే వేలాడుతోంది. పడక కుర్చీ సరిగ్గా దాని కింద వేసుకుని రోజూ మధ్యాహ్నం కునుకు తీసేవాణ్ణి.

ఆదివారం చేపల పులుసు తిని అలాగే వాలాను. సగం నిద్రలో అమ్మ కేక వినబడింది.

"మళ్లీ సించేసినావేటే? నిన్న సాయంత్రమే కదా కొత్తది అతికించినాను!"

అన్నాక తెలిసింది ఆవిడకి, ఏమన్నదో.

"నువ్వు అతికిస్తన్నావని నాకు తెల్దేటి? నాను సింపినప్పుడల్లా మళ్లీ మొలుస్తన్నాది!" అంది భవాని. అన్నాక తనూ నాలుక కరుచుకుంది.

నేను కళ్లు తెరవలేదు. తెరిస్తే నువ్వెవరి పక్షమంటారు.

"అయితే ఇదెప్పుడు సించినావు?" అమ్మ వదల్లేదు.

"ఇది నాను సింపనేదు అత్తా. నిన్న పొద్దున్న శ్రీముఖలింగం మా అక్కింటికెల్లినాను. ఇదిగో, ఇప్పుడే ఆటో దిగినాను. సంచీ కూడా సేతిలోనే ఉన్నాది."

"నాను అతికించినప్పుడు నువ్వు ఇంట్లో నేవు."

"అదే కదా సెప్తన్నాను."

"మరెవలు సించినారే?"

నేను కళ్లు తెరిచాను. పైనుంచి సున్నం పెచ్చు ఒకటి వచ్చి నా పొట్టమీద పడింది. లేవబోయాను.

"ఓలమ్మో, నా కొడుకు!" అంటూ అమ్మ పడక కుర్చీని నాతో సహా గుమ్మం వైపు ఈడ్చేసింది. ఆ వయసులో ఆవిడకి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో! కుర్చీ గడప దగ్గర అడ్డంగా ఇరుక్కుపోయింది. అప్పుడు వెనక్కి చూశాను. భవాని సంచీ విసిరేసి, స్తంభాన్ని వాటేసుకుని, భుజంతో ఆపుతోంది. ఈ ఇల్లు ఎప్పుడు కూలుతుందా అని కాచుకున్న మనిషి!

"ఒగ్గేయే! పడిపోతే పడిపోనీ, ఎదవ కొంప! నువ్వు బయటికొచ్చేయ్!" అని అరిచింది అమ్మ. ఈ ఇంటిని ఆవిడ కొంప అనడం నేను పుట్టాక వినలేదు.

"మావ కట్టినాడు కదా అత్తా! నువ్వు ముందెల్లు, నాను పట్టుకున్నాను" అంది భవాని ఏడుస్తూ.

అమ్మ నన్ను గడపలోనే వదిలేసి లోపలికి పరుగెత్తింది. భవాని జబ్బ పట్టుకుని, తిడుతూ, దొడ్డిగుమ్మంలోంచి బయటికి లాక్కుపోయింది.

పక్కింటి ఎర్రన్న మనుషుల్ని పోగేసి, సరుగుడు కర్రలు తెచ్చి దూలం కింద నిలబెట్టేదాకా వాళ్లిద్దరూ దొడ్లో ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు. గడపలో ఇరుక్కున్న కుర్చీలో నేనున్నానన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.