ఏడో తరం మొదటి పేరు

అతుకు కాగితం ఊడిపడింది. దాని కింద అషుయి పేరుంది.

ఆరో నెల ఆరో రోజు. ఊరంతా పెట్టెల్లోంచి బట్టలూ పుస్తకాలూ తీసి ఎండకు వేస్తున్నారు. లియావ్ వారి యుద్ధవిద్య సాధనశాలలో గురుపరంపర పుస్తకాన్ని గురువు తప్ప మరొకరు ముట్టరు. ఈ ఏడు గురువు షిజే మంచం దిగే స్థితిలో లేడు. అందుకే తాళంచెవి వంటవాడి చేతికొచ్చింది.

చెమ్మ పట్టిన పుటల్ని వెదురు చాటలో పరిచి, ఒక్కొక్కటే తిప్పుతున్నాడు అషుయి. ఏడో తరం దగ్గర, రెండు వరుసల వెడల్పున్న ముక్క ఒకటి జారి ఒళ్ళో పడింది. దాని మీద 'మొదటి శిష్యుడు, లియావ్ షిజే' అని ఉంది. అది ఊడిన చోట మాత్రం, 'మొదటి శిష్యుడు, కే అషుయి. రెండవ శిష్యుడు, లియావ్ షిజే.'

రాత షిజే తండ్రి, పెద్ద గురువుది. గీత చివర కుంచె విదిలించే అలవాటు ఆయనొక్కడికే ఉండేది.

అషుయికి అరవై ఎనిమిదేళ్ళు. నలభై ఒక్క ఏళ్ళుగా ఈ శాలలో గంజి కాస్తున్నాడు, ముంగిలి ఊడుస్తున్నాడు. పొట్టి మనిషి. మెడ కనపడదు. ముంజేతులు మాత్రం తెడ్డు కర్రల్లా ఉంటాయి. కుడి మోకాలు వాచి చేమదుంపలా తయారైంది. మెట్లు ఎక్కేటప్పుడు దాన్ని చేత్తో ఎత్తి పెట్టుకుంటాడు.

ఆ మోకాలు అలా అయింది ఒక్క అడుగు వల్ల.

'రేవు చెయ్యి' అంటారు ఈ విద్యని. మొదటి తరం వాడు పడవ నడిపేవాడు. పడవ పలక మీద నిలబడి దొంగల్ని కొట్టినవాడు కాబట్టి ఇందులో కాళ్ళు పలక వెడల్పు దాటవు. మోకాలి పైకి తన్నేది లేదు. శత్రువు మణికట్టు పట్టుకుంటే లాక్కోకూడదు. మోచెయ్యి కిందికి వదిలేసి, తడిచెయ్యి విదిల్చినట్టు ముంజేతిని విదిలించాలి. వాడు తూలిన క్షణంలో వెనక్కి ఒకడుగు వేసి తిరగాలి. అదే మలుపు అడుగు.

ఆ అడుగుని అందరికీ తప్పుగానే నేర్పుతారు. విద్య ఎత్తుకుపోయినవాణ్ణి ఎక్కడున్నా గుర్తుపట్టడానికి ఆరు తరాలుగా ఉన్న కట్టుబాటది. పేరు పుస్తకంలోకి ఎక్కాక, పితరుల ముందు ధూపం వెలిగించి, గురువు అసలు అడుగు చూపిస్తాడు. అదీ వరుసలో మొదటి పేరువాడికే ముందు. వాడు చూడకుండా రెండోవాడు చూడకూడదు.

పెద్ద గురువు పోయాక, నీ పేరెక్కలేదని షిజే చెప్పాడు గనక, అషుయి తప్పు అడుగే వేశాడు. రోజూ తెల్లవారకముందు, బావి పక్కన, మోకాలు కలుక్కుమంటున్నా వేశాడు.

"ఏంటి బాబాయ్, పుస్తకం ఎండబెడుతున్నావా, బట్టీ పడుతున్నావా?"

మెయ్‌లింగ్. పిల్లలకు పాఠం చెప్పేది ఇప్పుడు ఆమే. అషుయి ముక్కను చొక్కా చేతి మడతలో దాచేశాడు.

"బట్టీ పట్టినా పప్పు ఉడకదులే" అన్నాడు.

ఆమె అరుగు మీద కూర్చుని మోకాలి కట్టు విప్పి తైలం రాసుకుంది. ముప్పై నాలుగేళ్ళ మోకాలు. అప్పుడే నీరు పట్టింది.

"నెలాఖరుకి నా పేరు ఎక్కిస్తానన్నారు గురువుగారు. అసలు అడుగు చూపిస్తారట. ఆ తర్వాతైనా ఈ ముండమోకాలు ఊరుకుంటుందేమో. నీకేం బాబాయ్, గరిటె తిప్పితే గడిచిపోయింది."

అషుయి లేచాడు. పొయ్యి దగ్గరికెళ్ళి గంజి గిన్నెలోకి వంచాడు. ఉప్పు ముల్లంగి ముక్కలు రెండు వేశాడు. మోకాలు చేత్తో ఎత్తి పెట్టుకుంటూ పదకొండు మెట్లెక్కాడు.

షిజే దిండుకు చేరగిలబడి ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి. అషుయి గిన్నెని కిటికీ గట్టు మీద పెట్టి, కాగితం ముక్కని దుప్పటి మీద పెట్టాడు.

షిజే దాన్ని చాలాసేపు చూశాడు.

"ఊడిందా" అన్నాడు.

"ఊడింది. మీ నాన్న రాయలేదన్నావు నువ్వు."

"అన్నాను."

"అడుగు చూపించు. నిలబడలేకపోతే వేళ్ళతో చూపించు. మెయ్‌లింగ్‌కైనా చెబుతాను."

షిజే రెండు వేళ్ళు దుప్పటి మీద నిలబెట్టాడు.  అవి ముందుకీ కదల్లేదు, వెనక్కీ కదల్లేదు. పడిపోయాయి.

"నాకు తెలియదు."

కింద ముంగిట్లో మెయ్‌లింగ్ లెక్క పెడుతోంది. ఇరవై జతల కాళ్ళు ఒక్కసారి నేలను రాశాయి. మలుపు అడుగు.

"మీ అమ్మ పోయిందని నువ్వు ఊరెళ్ళావు. ఆ రాత్రే నాన్న రాశాడు, నీ పేరు పైన, నా పేరు కింద. కన్నకొడుకుని నేను. 'అషుయిని రానీ, ఇద్దరికీ చూపిస్తా' అన్నాడు. 'వాడు ఓడెక్కి సింగపూర్ పోయాడు, ఇక రాడు' అని చెప్పాను. అప్పుడైనా నాకు చూపిస్తాడనుకున్నా. చూపించలేదు. 'మొదటివాడు రావాలి' అంటూ మూడు రోజులు గుమ్మం వైపే చూశాడు. నాలుగో రోజు పోయాడు. నువ్వు తిరిగొచ్చే ముందు గంజి పూసి కాగితం అతికించాను. తప్పని తెలిసే ఇన్నేళ్ళూ ఆ అడుగే నేర్పాను, ఇంకోటి రాక. నిన్ను ఎందుకు పొమ్మనలేదో తెలుసా? నువ్వు పోతే గంజి ఎవరు కాస్తారని కాదు. నువ్వు తప్పు అడుగు వేస్తుంటే, నాన్న తప్పు మనిషిని ఎంచాడని అనిపించేది నాకు. అదొక్కటే ఓదార్పు. క్షమించమని అడగను, అన్నా."

నలభై ఒక్క ఏళ్ళలో అతను అషుయిని అన్నా అనడం అదే మొదలు.

ఆ తర్వాత మాట రాలేదు. శ్వాస పొడుగైంది, పొట్టిదైంది. కింద మెయ్‌లింగ్ అరవై దాకా లెక్కపెట్టేసరికి ఆగిపోయింది. అషుయి అతని కళ్ళు మూసి, జారిన దుప్పటి భుజాల దాకా లాగి, మెట్లు దిగాడు.

"గురువుగారు తిన్నారా బాబాయ్?"

"పోయాడు."

చెప్పుల చప్పుడు ఆగిపోయింది. మెయ్‌లింగ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సిగ్గుపడుతూనే అడిగింది.

"అడుగు... ఏమైనా చెప్పారా?"

అషుయి ఆమె మోకాలి కట్టు వైపు చూశాడు.

"రేపట్నుంచి ఆ అడుగు ఎవరూ వెయ్యొద్దు."

"మరి దాని బదులు ఏది వెయ్యాలి?"

 పైన కిటికీ గట్టు మీద గంజి చల్లారి, చెయ్యి పడని గిన్నెలో అట్ట కట్టింది, కాగితం అతికించడానికి పనికొచ్చేంత చిక్కగా.