గాజులో బిగించిన రాచపుండు

నేను ఒక గాజు బిళ్ళను. కిటికీకి చాలను, ముఖం చూసుకోవడానికి పనికిరాను, దేవుడి పటానికీ సరిపోను. చూపుడు వేలంత పొడవు, బొటనవేలికన్నా కాస్త ఎక్కువ వెడల్పు. ఆసుపత్రిలో నన్ను స్లైడ్ అంటారు. పెన్సిలుతో నంబరు వేయడానికి నా ఒంటిని ఒక చివర గరుకు చేసి ఉంచారు. మిగతాదంతా నునుపే.

మాది ఇసుక వంశం. కొలిమిలో కరిగి పలకలైనప్పుడు నా తోడబుట్టినవాళ్ళు కొందరు బస్సుల కిటికీలకు వెళ్ళారు, కొందరు మిఠాయి కొట్ల బీరువాలకు వెళ్ళారు. మమ్మల్ని మాత్రం చిన్న ముక్కలుగా కోసి, డబ్బాలో పేర్చి, ఒక్కసారి మాత్రమే వాడవలెను అని పైన అచ్చు వేశారు. విస్తరాకుకూ నాకూ తేడా ఏముంది అని అప్పట్లో చాలా బాధపడ్డాను. ఒక్కసారి అంటే ఒక్క మనిషి కోసమని, ఆ మనిషిని ఇక ఎప్పటికీ వదలడానికి లేదని నాకప్పుడు తెలియదు.

ఆ డబ్బా జిల్లా ఆసుపత్రి లాబొరేటరీకి చేరింది. అక్కడ టెక్నీషియన్ సన్యాసిరావు. మాటకారి, కానీ చేతులు మాత్రం నెమ్మది. ఒకరోజు ఆయన ముందుకు సీసాలో మినపబద్దంత మాంసం ముక్క వచ్చింది. దానిని కరిగిన మైనంలో పెట్టి గట్టిపరిచాడు. ఉల్లిపొర దాని ముందు దుప్పటిలా కనిపించేంత పల్చగా పొరలు కోశాడు. గోరువెచ్చని నీళ్ళ మీద ఒక పొర వెన్నలా తేలింది. నన్ను నీళ్ళలోకి వాలుగా దింపి, కింద నుంచి దానిని నా మీదికి ఎక్కించుకున్నాడు. తరువాత రంగులు. కణాల నడిమి గింజలు, అంటే కేంద్రకాలు, ఊదారంగుకు తిరిగాయి, చుట్టూ ఉన్నదంతా గులాబీ రంగయింది. పైన పల్చటి గాజు రెక్క మూసి అంటించాడు. అలా నేను మైలపల్లి కొర్లమ్మదాన్ని అయిపోయాను.

కొర్లమ్మది సముద్రం ఒడ్డు పల్లె. ఎండుచేపలు గంపకెత్తి ఊళ్ళమ్మట అమ్ముతుంది. ఆమె కేక వేస్తే మూడో వీధిలో పిల్లి లేస్తుందని కోడలు చినమ్ములు అంటుంది. భర్త పోయాడు, కొడుకు బోటు మీద పనికి పోతాడు, ఇంట్లో అత్తా కోడలే ఎక్కువ. ఆ తీరంలో చాలామంది ఆడవాళ్ళలాగే కొర్లమ్మకూ అడ్డచుట్ట అలవాటు. అంటే చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని పెదవులు మూసుకోవడం. సముద్రపు గాలికి ఆరదు, గంప మోసేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టక్కర్లేదు, చంకన ఉన్న బిడ్డ మీద రవ్వ పడదు. పెళ్ళయిన కొత్తలో ఆమెకు అత్తగారే నేర్పింది. పొగ ఊదడానికి ఒక్క రవ్వంత సందు, మిగతా సెగంతా అంగిటికే.

అంగిటిలో ఏం జరిగిందో నా మీద ఉన్న పొరలో అంతా రాసినట్టే ఉంది. మనుషులకు తమ ఒంటి సంగతులు తెలియవు కాబట్టి కొంచెం చెప్పాలి.

నోటి లోపలి చర్మం అడుగు వరసలో కణాలు పుడతాయి. ఒకటి రెండవుతుంది. కొత్తవి పాతవాటిని పైకి తోస్తాయి. అవి పైకి వచ్చేకొద్దీ చదునై, ఆఖరికి రాలిపోతాయి. మీరు తినే ప్రతి ముద్దతో పాటు మీ పాత కణాలు కొన్ని మింగేస్తూనే ఉంటారు, ఎవరూ ఏడవరు. ఏ కణమైనా పెరగమన్నప్పుడే పెరగాలి, పక్కవాడికి భుజం తగిలితే ఆగాలి. లోపల ఉన్న వారసత్వపు రాత చెడితే ముందు బాగు చేసుకోవాలి. బాగు కాకపోతే తనంతట తాను చావాలి. ఆ చావు కూడా ఎంత మర్యాదగా ఉంటుందంటే, కణం ముడుచుకుని, చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది, పక్క కణాలు ఆ మూటలను తినేస్తాయి. చీము లేదు, నొప్పి లేదు. తల్లి కడుపులో బిడ్డ చెయ్యి మొదట తెడ్డులా ఉంటుందట. వేళ్ళ మధ్య కణాలు చచ్చిపోతేనే అయిదు వేళ్ళు విడిపడతాయి. అంటే మనిషి చెయ్యి చాచి అడిగినా, ఇచ్చినా అది ఆ కణాల చలవే.

కొర్లమ్మ అంగిటికి రోజూ సెగ, పొగ. కాలిన చోట పూడ్చడానికి అడుగు వరస మళ్ళీ మళ్ళీ కనాల్సి వచ్చింది. తొందరలో రాతలో తప్పులు పడ్డాయి. తప్పు పడ్డవాటిని పట్టుకుని, ఆగు అని, ఆగకపోతే చావు అని చెప్పే కాపలా ప్రోటీను ఒకటి ఉంటుంది. ఏళ్ళ తరబడి పొగలో ఒక కణంలో ఆ కాపలాయే చెడింది. ఇక ఆ కణానికి చెప్పేవాళ్ళు లేరు. పిలవకుండానే పెరిగింది, భుజాలు తగిలినా ఆగలేదు, చావాల్సిన రోజున చావలేదు. తన పిల్లలకూ అదే నేర్పింది. వాటి గింజలు ఒకటి పెద్దది, ఒకటి వంకర, ఒకటి రెండుగా చీలుతూ అలాగే నా మీద ఆగిపోయింది. అడుగున గోడలాంటి సన్నటి గీత ఒకటి ఉంటుంది. నా మీద ఉన్న పొరలో ఆ గీతను అవి ఒక్కచోట మాత్రమే దాటాయి.

మా డాక్టరమ్మ హైమావతి చాలాసేపు చూసింది ఆ ఒక్కచోటునే. తరువాత చినమ్ములును లోపలికి పిలిచింది. నోట్లో గడ్డ చూసి, అత్తను పోరుపెట్టి ఆసుపత్రికి లాక్కొచ్చింది చినమ్ములే. కొర్లమ్మ బయట వరండాలో గోడకు చేరబడి కూర్చుంది.

"మీ అత్తగారికి కాన్సరమ్మా, రాచపుండు. ఇప్పుడే గోడ దాటుతోంది. విశాఖలో పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్ళండి. అంగిలి కొంత కోసి తీసేస్తారు. ఆలస్యం చెయ్యకపోతే బతుకుతుంది."

"మరి కోసీసినారు గదండి మొన్న?"

"అది పరీక్షకు చిటికెడు తీశాం. మిగతాదంతా ఆవిడ నోట్లోనే ఉంది. చుట్ట కూడా మానాలి."

సన్యాసిరావు నన్ను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పక్కన మిగిలిన ముక్క ఉన్న మైనం బిళ్ళ పెట్టి, చినమ్ములు చేతికిచ్చాడు. "జాగర్తమ్మా, కింద పడీకండి. అక్కడి డాక్టర్లు ముందు దీన్నే అడుగుతారు" అన్నాడు.

ఊరికి తిరిగి వెళ్ళే బస్సులోనే కొర్లమ్మ డబ్బా తెరిపించింది. నన్ను అంచులు పట్టుకుని ఎండకు ఎత్తి చూసింది. ఆమె వేళ్ళకు ఉప్పుచేప వాసన. తనలోంచి వచ్చిన ముక్కను అంత దగ్గరగా చూస్తూ ఆమె భయపడలేదు. పైగా ఆ ముఖంలో ఏదో బరువు దిగినట్టు కనిపించింది. నాకు ఆ క్షణం సంతోషమే కలిగింది. అదే నా జీవితంలో జరిగిన పెద్ద కీడు అని తరువాత గాని అర్థం కాలేదు.

ఆ పల్లెలో ఎవరికైనా దెయ్యం పడితే మంత్రగాడు వచ్చి దానిని సీసాలోకి దింపి బిరడా బిగిస్తాడు. సీసా కళ్ళకు కనిపిస్తున్నంతకాలం మనిషికి ధైర్యం. కొర్లమ్మ నన్ను అలాగే అనుకుంది. ఇంటికి చేరగానే డబ్బాను గూట్లో, పసుపు బరిణె పక్కన పెట్టింది. సాయంత్రానికి చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చారు.

"ఏదీ, కొర్లమ్మొదినా, నీ రాచపుండు సూపించు."

"ఇదిగో. తాకకండర్రా. గాజులో బిగించీసినారు."

"ఎంత సక్కగున్నాదే, పట్టుసీర రంగు."

"రాచపుండంటే మరేటనుకున్నావు. నీ కాలి పుండులాగ ఉంటాదా?"

అందరూ నవ్వారు. చినమ్ములు ఒక్కతే నవ్వలేదు.

"అత్తా, డాక్టరమ్మ సెప్పింది ఇనుకో. సిటికెడే తీసినారంట. మిగతాది నీ నోట్లోనే ఉన్నాదంట. బేగి ఎల్లాలంట."

"ఒలే, ఉంటే నొప్పెట్టాల కదే. ముల్లు గుచ్చుకుంటే నొప్పెడతాది, పన్ను పుచ్చితే నొప్పెడతాది. నాకేటీ నేదు. కోసిన సోట మానిపోనాది కూడాను. అంగుడు కోసీసుకుంటే కేకెలగెయ్యాల? మూగోలు సేపలమ్ముతారేటి?"

నిజమే, నొప్పి లేదు. అదే ఈ రోగం చేసే మోసం. ముల్లు వేరేవాడు, పుచ్చు వేరేవాడు. ఒళ్ళు వాటితో పోట్లాడుతుంది కాబట్టి నొప్పి. ఈ కణాలు కొర్లమ్మవే. ఆమె అన్నంతోనే పెరిగాయి, ఆమె రక్తానికే తమ వైపు కాలువలు తవ్వించుకున్నాయి. ఇంట్లోవాడే కదా అని ఒళ్ళు తలుపు తీసిపెట్టింది.

చుట్ట మానమంటే ఆమె వల్ల కాలేదు. కనీసం నిప్పు బయటికి పెట్టుకో అత్తా అని చినమ్ములు బతిమాలితే, ఒక్కపూట అలా కాల్చింది. చేపలు ఎండబెట్టే చోట ఎవరో చూసి, "ఏటొదినా, మీసాలు కూడా వొచ్చినాయేటి?" అన్నారు. నిప్పు బయటికి పెట్టుకుని కాల్చేది మగాళ్ళు. కొర్లమ్మ సిగ్గుపడి చుట్ట తిప్పేసింది. మళ్ళీ ఎవరు చెప్పినా వినలేదు.

ఎండలు ముదిరాయి. ఇసుక మీద చేపలు పరిచారు, తిరగేశారు, గంపలకెత్తారు. కొర్లమ్మ రోజూ వెళ్ళేముందు డబ్బా మూత తీసి నన్ను చూసుకునేది. నేను మొదటిరోజు ఎలా ఉన్నానో అలాగే ఉండేదాన్ని. అంతే చాలు ఆమెకు. రోగం కదలలేదనుకుని మూత వేసేది. నా మీద ఉన్నది మందుల్లో ఎప్పుడో చచ్చిందని, అందుకే కదలడం లేదని, బతికినది ఆమె నాలుక పైన అంగిటిలోనే పెరుగుతోందని నేనెలా చెప్పను? గాజుకు చూపించడమే తెలుసు. చూసేవాడికి చదవడం రావాలి.

ముందు కేక మారింది. "అత్తా, ముక్కుతో పాడతన్నావేటి" అని చినమ్ములు అడిగింది. తరువాత గంజి తాగితే ముక్కులోంచి వచ్చింది. దవడ కింద చింతపిక్కంత గడ్డ తేలింది. తొలివాన పడ్డ రోజు కొర్లమ్మ చుట్ట తీసి ఉమ్మితే ఎర్రగా పడింది.  చినమ్ములు గూట్లోంచి డబ్బా తీసి రొంటిని దోపుకుంది, అత్త చెయ్యి పట్టుకుని బస్సెక్కింది.

విశాఖలో పెద్ద డాక్టరు ముందు నన్నే మైక్రోస్కోప్ కింద చూశాడు. ఆయన ముఖం తేటగా ఉంది.

"ఇది తొలిదశేనమ్మా. ఆపరేషన్‌తో పోతుంది. ఏదీ, నోరు తెరువు."

కొర్లమ్మ నోరు తెరిచింది. ఆయన లైటు వేసి చూశాడు. మెడ తడిమాడు. మళ్ళీ నా వైపు చూశాడు.

"ఈ స్లైడు ఎప్పటిది?"

"ఎండలు రాకముందుదండి" అంది చినమ్ములు తల వంచుకుని.

"స్లైడులో ఉన్న మనిషి వేరు, ఇక్కడ కూర్చున్న మనిషి వేరమ్మా" అన్నాడాయన. కోపంగా అనలేదు. అంగిట్లో ఎముక తినేసిందని, మెడలోకి పాకిందని, ఇక కోసి తీయడానికి లేదని, కరెంటు, అంటే రేడియేషన్, పెట్టి చూద్దామని నెమ్మదిగా చెప్పాడు.

కొర్లమ్మ ఆయనను చూడలేదు. బల్ల మీద ఉన్న నన్నే చూసింది.

"మరి అందులో బిగించీసినారు గద బాబూ?"

 ఆ గదిలో నేను పగిలిపోయి ఉంటే బాగుండేదనిపించింది. నేను అబద్ధం చెప్పలేదు. నా మీద ఉన్న ప్రతి కణమూ నిజమే. పాతబడ్డ నిజం పట్టుకుని ఒక మనిషి ఎండాకాలమంతా ధైర్యంగా కూర్చుంది, అంతే.

ఆసుపత్రిలో మళ్ళీ ముక్క తీశారు, మరో స్లైడు తయారైంది. దానిని నా పక్కనే పెట్టారు. అందులో గోడ లేదు. ఊదా గింజలు మందలు మందలుగా కండలోకి, నరం వెంట దిగిపోయాయి. మధ్యలో కొన్ని తిండి అందక చచ్చిపడి ఉన్నాయి. చావడానికి ఒప్పుకోని కణాలకు ఆఖరికి దక్కేది అలాంటి మురికి చావే.

కరెంటు పెట్టాక కొర్లమ్మ గొంతు పూర్తిగా పోయింది. చేతితో సైగలు చేసేది. దసరాకు ముందే పోయింది. ఆమెతో పాటు చావు మరిచిన ఆ కణాలన్నీ ఒకేసారి పోయాయి. ఇల్లు తగలబెట్టి ఎవరు మాత్రం ఏ గదిలో ఉంటారు?

కాగితాల పనికి చినమ్ములు వచ్చినప్పుడు, స్లైడ్లు కావాలంటే ఇస్తాం, తీసుకెళ్తావా అని అడిగారు. ఆమె నన్ను చేతిలోకి తీసుకుంది. కొంగుతో తుడిచింది. మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"వొద్దండి. ఇంటికి పట్టుకెల్తే మల్లీ ఎవులో నమ్మీసుకుంతారు."

అలా నేను ఇక్కడే, విశాఖ ఆసుపత్రిలోనే ఉండిపోయాను. చెక్క బీరువాలో సన్నటి గాడి నా ఇల్లు. ఏడాదికోసారి కొత్త విద్యార్థులు వస్తారు. వాళ్ళకు పాఠం చెప్పే మేడమ్ నన్ను మైక్రోస్కోప్ కింద పెట్టి, గోడ దాటిన ఆ ఒక్కచోటు చూపిస్తుంది. పిల్లలు ఒకరి తరువాత ఒకరు ఒంగి చూస్తారు. ఒకరిద్దరు బాగుంది అంటారు. వాళ్ళ తప్పు లేదు, రంగులు బాగానే ఉంటాయి. ఈ మనిషి పేరేమిటని ఎవరూ అడగరు. మేడమ్ కూడా ప్రతిసారీ ఒకే మాట చెబుతుంది, ఈ దశలో వస్తే బతికించవచ్చు అని.

కింద నుంచి దీపం వెలుగు నాలోంచి పైకి పోతుంటే ఆ మాట వింటాను. నా మీద ఉన్న కొర్లమ్మకు ఇంకా వేళ మించిపోలేదు.