వంగి లేచే నడికట్టు

ఒసాకాలోని సెంబా వీధిలో బట్టల షావుకారు తోయోసాకుకి నడుం పట్టేసిందంటే అది ఆయన ఒక్కడి బాధ కాదు, దుకాణం మొత్తానికి బాధ. తైషో చక్రవర్తి గద్దెనెక్కిన కొత్త. వీధిలో అందరూ చాపలు ఎత్తేసి అద్దాల బీరువాలు పెట్టుకుంటుంటే ఆయనా పెట్టాడు. అంతవరకూ చాప మీద కూర్చుని బేరాలు చేసిన మనిషి ఇప్పుడు పొద్దస్తమానం గుమ్మం దగ్గర నిలబడాలి. వచ్చినవాళ్ళకి నడుం వంచి దణ్ణం, పోయేవాళ్ళకి మళ్ళీ దణ్ణం. ఎండలు తగ్గేసరికి ఆ నడుం కాస్తా మొండికేసింది. వంగితే లేవదు, లేస్తే వంగదు. షావుకారు సరిగ్గా వంగకపోతే సెంబాలో దాన్ని పొగరంటారు.

ఆయన భార్య ఫుసానో బొమ్మలవాళ్ళ ఇంటి ఆడపడుచు. ఆమె తండ్రి బొమ్మలాట వాళ్ళకి చెక్క తలలు చెక్కేవాడు. బొమ్మ తలాడించాలంటే దాని మెడలో తిమింగలం నోట్లోంచి తీసిన పట్టీ ఒకటి బిగిస్తారు. వంచితే వంగుతుంది, వదిలితే లేస్తుంది.

"చెక్క తలే వంగి లేస్తుంటే, మీ నడుం ఎందుకు లేవదండీ?" అంది ఒకరోజు మొగుడి వీపుకి ఆవిరిగుడ్డ వేస్తూ.

"నేనేమన్నా బొమ్మనటే?"

"బొమ్మయితే ఇంత సణగదు."

అన్నదే తడవుగా పుట్టింటికి వెళ్ళి పట్టీలు తెచ్చుకుంది. మందపాటి గుడ్డతో నడికట్టు కుట్టి, వెన్నుకి అటూ ఇటూ ఆ పట్టీలు నిలువుగా అమర్చింది. నడుం దగ్గర ఒక ఇనప కొక్కెం. ఆ కొక్కెం నుంచి కిమోనో లోపలగా కుడికాలి బొటనవేలి దాకా ఒక తాడు. వేలితో ఒకసారి లాగితే మనిషి మెల్లగా కిందికి వంగుతాడు, రెండోసారి లాగితే పట్టీలే ఎత్తి నిలబెడతాయి. ముందుగా పెద్ద గుమాస్తా కిస్కేకి కట్టి చూసింది. అతను వంగడం బ్రహ్మాండంగా వంగాడు. లేవడంలోనే కాస్త తేడా వచ్చి, ఎగిరి వెళ్ళి గుమ్మానికి వేలాడే లాంతరుకి తల కొట్టుకున్నాడు.

"అమ్మగారూ, నాకు పెళ్ళాం పిల్లలున్నారండీ," అన్నాడు తల పట్టుకుని.

"నీ తలకేం, రాయి. లాంతరు చూడు, ఎలా సొట్టపోయిందో," అంది ఫుసానో. పట్టీలు రెండు తీసేసి, మిగిలినవాటిని పలచగా చెక్కింది. తన లెక్క తప్పిందన్న ఆలోచన ఆమెకి రానే లేదు. పట్టీలు ఎక్కువయ్యాయి, అంతే.

ఆ తర్వాత నడికట్టు చక్కగా పనిచేసింది. ఒకసారి దోమ కుట్టి వేలు కదిలేసరికి షావుకారు దారిన పోయే కుక్కకి దణ్ణం పెట్టిన మాట నిజమే. కానీ బేరానికి వచ్చిన ముసలమ్మలు మాత్రం ముచ్చటపడిపోయారు.

"మీ ఆయన వంగుతుంటే పల్లకీ దించినట్టుందమ్మా, ఎంత నిదానం!" అంది ఒకామె.

ఫుసానో పొంగిపోయింది. స్టేషన్ మాస్టర్లకి, హోటళ్ళవాళ్ళకి, ఊరేగి ఓట్లడిగే పెద్దమనుషులకి ఎన్నెన్ని కుట్టాలో అప్పుడే మనసులో లెక్క వేసేసుకుంది. "వానల్లో ఎలా పనిచేస్తుందో ఒకసారి చూసి చెబుదువుగాని," అని తోయోసాకు అన్నా చెవిన పెట్టలేదు.

ఎబిసు దేవుడి పండగ వచ్చింది. వీధంతా తగ్గింపు అమ్మకాలు, దుకాణాల్లో కాలు పెట్టే సందు లేదు. షావుకార్లు ఒకరి దుకాణానికి ఒకరు వెళ్ళి మర్యాదగా పలకరించి రావడం ఆనవాయితీ. ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. ఆ ముసురులోనే ఎదురు దుకాణం గెంపాచి, గొడుగు మడుస్తూ లోపలికొచ్చాడు.

గెంపాచీ, తోయోసాకూ చిన్నప్పుడు ఒకే దుకాణంలో పనికి కుదిరి, ఒకే దుప్పటి కింద పడుకుని పెరిగినవాళ్ళు. గెంపాచి వచ్చి సరిగ్గా ఎదురుగా దుకాణం తెరిచేసరికి తోయోసాకుకి ఒళ్ళు మండి, "వాడి నీలిగుడ్డ ఒక్క ఉతుక్కి వెలిసిపోతుంది" అని నలుగురిలో అనేశాడు. అబద్ధమని అన్నవాడికీ తెలుసు, విన్నవాళ్ళకీ తెలుసు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. పండగ దణ్ణం ఒక్కటే మిగిలింది. దానిలోనూ పంతమే. ముందు తల ఎత్తినవాడు ఓడిపోయినట్టు.

గెంపాచి వంగాడు. తోయోసాకు వేలు లాగి వంగాడు. కాసేపయ్యాక మళ్ళీ లాగాడు. కిర్రుమంది, అంతే. ఇంకోసారి లాగాడు. తడికి గుడ్డ ఉబ్బి, కొక్కెం బిగుసుకుపోయింది. ఎదురుగా వంగి ఉన్న తల లేవడం లేదని గెంపాచీ లేవలేదు. బేరాలు చేసేవాళ్ళు గుడ్డలు వదిలేసి ఇటే చూడసాగారు.

బీరువా వెనకనుంచి ఫుసానో చూసి సంగతి గ్రహించింది. వేగంగా వచ్చి మొగుడి పక్కన వంగి, వంగినట్టే ఉండి గుసగుసలాడింది.

"ఇరుక్కుందా?"

"ఇరుక్కుంది. తియ్యవే తల్లీ!"

చెయ్యి వెయ్యబోయింది. అంతలో గెంపాచి గొంతు నేలకేసి నెమ్మదిగా పలికింది.

"చాల్లేరా. ఇంక లే."

తోయోసాకు ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళకి ఆ 'రా' విన్నాడు. "లేవలేనురా," అన్నాడు.

"లేవలేనంత ఏముంది? ఏదో అన్నావు. వయసులో ఉన్నావు, కడుపుమంట. మనసులో ఇంత పెట్టుకున్నావని నాకేం తెలుసు?" అన్నాడు గెంపాచి, నేలకేసే చూస్తూ. "నేను మాత్రం? ఊరంతా వదిలేసి నీ మొహానికెదురుగా దుకాణం పెట్టాలా? నువ్వు చూసి కుళ్ళుకోవాలనే పెట్టానురా."

ఫుసానో చెయ్యి కొక్కెం మీదే ఆగిపోయింది. మనసుకి పట్టీ వెయ్యడం ఆమె పనిలో లేదు. అయినా ఈ కాసేపు తన నడికట్టు ఆ పని కూడా చేస్తోంది. ఇంకొంచెంసేపు వంగితే ఆయన నడుం ఏం విరిగిపోదు అనుకుని, చెయ్యి వెనక్కి తీసుకుంది.

తోయోసాకు చెవులు ఎర్రబడ్డాయి. ఊరుకుంటే పోయేది. ఊరుకోలేకపోయాడు.

"ఒరేయ్ గెంపా, నీకు అబద్ధం చెప్పలేను. పశ్చాత్తాపంతో కాదు, నిజంగానే లేవలేను. మా ఆవిడ నడుముకి యంత్రం కట్టింది. అది బిగుసుకుంది."

గెంపాచి భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తున్నాడేమో అని కిస్కే కంగారుపడ్డాడు. నవ్వు అది. నవ్వుతూ నవ్వుతూ "అబ్బా!" అన్నాడు గెంపాచి.

"ఏమైందిరా?"

"నాదీ పట్టేసింది. యంత్రం లేకుండానే. ఎవరన్నా లేపండయ్యా!"

దుకాణమంతా ఒక్కసారి గొల్లుమంది. కిస్కే వెళ్ళి గెంపాచిని చంకల కింద పట్టి లేపాడు. ఫుసానో మొగుడి నడుం మీద పిడికిలితో ఒక్కటిచ్చింది. కొక్కెం ఊడి, తోయోసాకు విల్లులా లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఎదురెదురుగా, నవ్వి నవ్వి ఎర్రబడ్డ మొహాలతో ఒకరినొకరు చూసుకున్నారు. తోయోసాకు నవ్వు ఆపేశాడు. కిమోనో లోపలికి చెయ్యి పెట్టి నడికట్టు విప్పి భార్య చేతికిచ్చాడు. పళ్ళ బిగువున, మెల్లగా, తన నడుంతోనే వంగాడు.

"నీ నీలిగుడ్డ వెలవదురా. అందరూ వినండయ్యా, వీడి నీలిగుడ్డ వెలవదు. నోరు జారాను."

"మళ్ళీ మొదలెట్టకురా బాబూ," అని గెంపాచి గబుక్కున అతని భుజం పట్టుకుని ఆపాడు. "నువ్వు వంగితే నేనూ వంగాలి. ఈసారి మనల్ని క్రేను పెట్టి ఎత్తాలి."

ఆ సాయంత్రం వెనక గదిలో ఇద్దరూ వేడివేడి ఉడోన్ సేమ్యా గిన్నెల ముందు కూర్చుని, చిన్నప్పుడు తమకి పనిచ్చిన పెద్ద షావుకారు గురక ఎలా పెట్టేవాడో ఒకరికొకరు పెట్టి చూపించుకున్నారు. ఫుసానోకి మాత్రం ఆ గోల పట్టలేదు. దీపం దగ్గర కొక్కెం పట్టుకుని తిప్పి చూస్తోంది.

పండగ వెళ్ళాక వీధిలో షావుకార్లంతా ఏదో వంకన వచ్చి, ఒకసారి కట్టి చూపించమని అడిగి, కడుపుబ్బ నవ్వుకుని వెళ్ళారు. కొన్నవాడు లేడు. తోయోసాకుకే మనసు కాస్త నొచ్చి, "పోనీ మానెయ్యకూడదూ," అన్నాడు.

"నవ్వనివ్వండి. వాళ్ళకింకా నడుం నొప్పి రాలేదు. వచ్చినరోజు వాళ్ళే వస్తారు. గుడ్డకి మైనం పూస్తే వానకి ఉబ్బదు, అది నాకు ముందే తట్టాల్సింది," అంది ఆమె.

అప్పుడే గెంపాచి గుమ్మంలో నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, వీధి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"వదినగారూ, అది... నాకొకటి కుడతారా? మా ఆవిడకి తెలియకుండా."

ఫుసానో కొలబద్ద తీసుకుని లేచింది.

"ఇలా వెలుగులోకి రండి. ఊపిరి బిగపట్టకండి, పొట్ట లోపలికి లాక్కుంటే కొలత తప్పుతుంది."